హిప్పో నేర్చుకోవడానికి లిచెస్ స్టడీ: ఒక సమీక్ష

చదరంగంలో నల్లపావులతో ఆడేవారు హిప్పో అనే ఆరంభ పద్ధతిని సొంతంగా నేర్చుకోదలిస్తే, ఇంటర్నెట్‌లో ఉచితంగా చదరంగం ఆడుకునే లిచెస్ వెబ్‌సైటు, ముఖ్యంగా అందులోని స్టడీ విభాగం, ఎంతవరకు అక్కరకు వస్తుందో చెప్పడానికి ఈ సమీక్ష రాస్తున్నాను. నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి ఊళ్ళలో చదరంగం నేర్పే చోట్లు ఉన్నాయి గాని, నాకు తెలిసినంతలో అవి చాలావరకు బడిపిల్లల కోసం నడిచేవే. అక్కడ ఇటాలియన్ ఆటతోనో లండన్ పద్ధతితోనో మొదలుపెట్టి మెల్లగా సిసిలియన్ అనే ఆరంభం దాకా తీసుకువెళతారు. పిల్లలకు అది సబబైన క్రమమే. ఉద్యోగం చేసుకుంటూ, ఎప్పుడో ఒక ఆదివారం ఏ పాఠశాల హాల్లోనో జరిగే రాపిడ్ పోటీకి వెళ్ళి, పదిహేను నిమిషాల గడియారం ముందు పద్నాలుగేళ్ళ కుర్రవాడి ఎదుట కూర్చునే నాలాంటి నడివయసువాడి అవసరం వేరు. ఆ కుర్రవాడికి సిసిలియన్‌లో పద్దెనిమిదో ఎత్తు దాకా కంఠతా వచ్చు. అతనికి వచ్చిన పాఠాన్ని పక్కకు తప్పించి, ఇద్దరూ సొంత బుర్రతో ఆడవలసిన చోటికి ఆటను తీసుకుపోవాలంటే ఇటువంటి అరుదైన పద్ధతి ఒకటి చేతిలో ఉండడం మంచిది. దాన్ని నేర్పే గురువు మా వైపు దొరకడం కష్టం కాబట్టి ఈ ఉచిత సాధనం వైపు చూడవలసి వచ్చింది.

హిప్పో అమరిక చూడడానికి చాలా సులభం. (గళ్ళ పేర్లలో ఎ నుంచి హెచ్ దాకా అక్షరం నిలువు వరుసను, 1 నుంచి 8 దాకా అంకె తెల్లపావుల వైపు నుంచి లెక్కించిన అడ్డ వరుసను చెబుతాయి.) నల్లపావుల ఆటగాడు ఎ6, బి6, డి6, ఇ6, జి6, హెచ్6 గళ్ళకు ఆరు బంట్లను ఒక్కొక్క గడి మాత్రమే జరిపి, శకటులను బి7, జి7 గళ్ళలోను, గుర్రాలను డి7, ఇ7 గళ్ళలోను నిలుపుతాడు. శకటు అన్నచోట బిషప్ అని చదువుకోవాలి. మొత్తం పది ఎత్తులు. తన వైపు మూడు వరుసలు దాటి ఒక్క పావు కూడా బయటికి రాదు. తెల్లపావులవారు ఇ4, డి4 ఆడి నడిబల్లను ఆక్రమించుకుంటే ఆక్రమించుకోనిస్తాడు. వాళ్ళు ఏ బంటును ముందుకు తోస్తారో చూసి, దాన్ని బట్టి తాను ఎక్కడ తెగబడాలో నిర్ణయించుకుంటాడు. 1966లో మాస్కోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలో బోరిస్ స్పాస్కీ అప్పటి ఛాంపియన్ టిగ్రాన్ పెట్రోస్యాన్ మీద 12వ, 16వ ఆటల్లో ఈ అమరికనే పెట్టాడు. రెండూ డ్రాగా ముగిశాయి. ప్రపంచ కిరీటం కోసం జరిగిన పోటీలో రెండుసార్లు నిలబడిన పద్ధతిని వెక్కిరించడానికి వీల్లేదు, అలాగని ఆ రెండు డ్రాలను చూపించి ఇది గొప్ప ఆయుధమని చాటడానికీ వీల్లేదు. 1980లో స్వీడన్‌లోని స్కారాలో ఆంథొనీ మైల్స్ మొదటి ఎత్తు ఇ4కు జవాబుగా ఎ6 ఆడి, ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న అనతోలీ కార్పోవ్‌ను ఓడించిన మాట నిజమే. ఆ ఒక్క ఆటను చూపించి వింత ఆరంభాలన్నిటినీ అమ్మజూపే ప్రకటనలు ఇంటర్నెట్‌లో చాలా కనిపిస్తాయి. వాటిని చూసి హిప్పోను ఎంచుకోవడం సరికాదు.

మన దేశానికి ఈ తరహా ఆట కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్ది మధ్యకాలంలో కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ అనే ఆటగాడు జాన్ కోక్రేన్ అనే స్కాట్లాండువాడితో ఆడుతూ జి6, డి6 ఆడి శకటును జి7లో పెట్టడం అలవాటుగా చేసుకున్నాడు. ఈనాడు ఇండియన్ డిఫెన్స్ అని పిలిచే పద్ధతులకు ఆ పేరు రావడానికి ఆ ఆటలే మూలమంటారు. అప్పటి దేశీయ నియమాల్లో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేది కాబట్టి, నడిబల్ల కోసం పరుగెత్తడం కన్నా వెనకనే బలంగా అమర్చుకోవడం మనవాళ్ళకు సహజంగా అబ్బిన పద్ధతి. నెల్లూరు మూలాపేటలో మా వీధి అరుగు మీద నాటు చదరంగం ఆడే పెద్దాయన ఒకరు నా ఫోనులో హిప్పో అమరికను చూసి, “ఇదేందబ్బయా, మేమంతా ఇట్టనే గదా ఆడేది, దీన్ని నువ్వు కంప్యూటర్లో నేర్చుకోవాల్నా?” అన్నారు. ఆయన ప్రశ్న సబబైనదే. అమరికను నేర్చుకోవడానికి కంప్యూటరు అక్కర్లేదు. అమరిక పూర్తయిన తరువాత ఏం చేయాలన్నదానికే అక్కరవుతుంది.

“కంఠతా పట్టవలసింది ఏమీ లేదు, పది ఎత్తులు వరసగా ఆడేయండి” అని హిప్పో గురించి చెప్పేవారంతా చెబుతారు. ఈ మాటలో సగమే నిజం. కంఠతా పట్టవలసినది తక్కువ, అర్థం చేసుకోవలసినది ఎక్కువ. ఒక సాధనం ఈ పద్ధతికి పనికొస్తుందా లేదా అన్నది ఈ రెండో పనిలో అది ఎంత సాయం చేస్తుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. నా కొలబద్ద అదే.

లిచెస్ గురించి తెలియనివారికి రెండు మాటలు. 2010లో తిబో డ్యూప్లెసీ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ సైటు విరాళాల మీద నడుస్తుంది. ప్రకటనలు లేవు. విరాళం ఇచ్చినవారికి పేరు పక్కన ఒక రెక్క గుర్తు వస్తుందే తప్ప, ఇవ్వనివారికి లేని సదుపాయం ఒక్కటీ వారికి ఉండదు. నేర్చుకునేవాడికి పనికివచ్చేవి అందులో మూడు ఉన్నాయి: ఆరంభపు ఎత్తుల గణాంకాలు చూపించే ఎక్స్‌ప్లోరర్, ఎత్తుల బలాబలాలను లెక్కగట్టే స్టాక్‌ఫిష్ ఇంజన్, మనకు మనం పాఠాలు తయారు చేసుకునే స్టడీ.

ఎక్స్‌ప్లోరర్ దగ్గర నేను పెట్టుకున్న ఆశ నెరవేరలేదు, అందుకు కారణం సైటులో కాదు, పద్ధతి స్వభావంలోనే ఉంది. అందులో మాస్టర్స్ విభాగంలో 1952 నుంచి 2200 రేటింగ్ (ఆటగాడి బలాన్ని చూపే అంకె) దాటినవారు ఆడిన ఇరవై లక్షలకు పైబడిన ఆటలు ఉన్నాయి. మరో విభాగంలో లిచెస్‌లోనే సామాన్యులు ఆడుకున్న ఆటలు ఉన్నాయి. సిసిలియన్‌ లాంటి ఆరంభానికి ఇది బంగారు గని. హిప్పోకు వచ్చేసరికి, నల్లపావులవారు ఆ పది ఎత్తులను ఏ వరసలోనైనా ఆడవచ్చు, తెల్లపావులవారు తమ పావులను ఎక్కడైనా పెట్టవచ్చు కాబట్టి, ఒకే స్థితి మళ్ళీ మళ్ళీ రావడం అరుదు. మొదటి ఎత్తు జి6 ఆడితే పైన మోడర్న్ డిఫెన్స్ అన్న పేరు కనిపిస్తుంది, బి6తో మొదలుపెడితే ఓవెన్ డిఫెన్స్ అంటుంది. ఏడెనిమిది ఎత్తులు గడిచేసరికి ఆటల సంఖ్య పల్చబడిపోయి, ఆ పక్కన చూపించే గెలుపోటముల శాతాలకు అర్థం ఉండదు. ఒక్క పనికి మాత్రం ఇది తప్పకుండా ఉపయోగపడుతుంది. సామాన్యుల ఆటల విభాగంలో రేటింగును మన స్థాయికి, అంటే 1600, 1800 అంకెల దగ్గరకు, పరిమితం చేసి చూస్తే నాలుగో ఎత్తులో శకటును సి4కు తెచ్చేవారు ఎందరు, ఎఫ్4 బంటును తోసేవారు ఎందరు, నెమ్మదిగా శకటును ఇ3లో పెట్టేవారు ఎందరు అన్నది తెలుస్తుంది. రేపు మన ఎదుట కూర్చునేవాడు వేటిని ఎక్కువగా ఆడతాడో తెలిస్తే దేనికి ముందుగా సిద్ధపడాలో నిర్ణయించుకోవచ్చు.

స్టడీ విభాగం అసలు సరుకు. ఒక్కొక్క స్టడీలో 64 అధ్యాయాల వరకు పెట్టుకోవచ్చు, ఒక్కొక్క అధ్యాయంలో ఎత్తుల పక్కన వ్యాఖ్యలు రాసుకోవచ్చు, గళ్ళ మీద బాణాలు గీసుకోవచ్చు. వ్యాఖ్యలు తెలుగులో రాస్తే ఏ ఇబ్బందీ లేకుండా కనిపిస్తాయి. చాలామంది చేసే విధంగా ఎత్తుల వరస ప్రకారం అధ్యాయాలు కట్టుకుంటే హిప్పోకు అది దండగ. తెల్లపావులవారు ఏ బంటును తోశారన్నదాన్ని బట్టి అధ్యాయాలు కట్టుకోవాలి. నా స్టడీలో తెల్లబంటు డి5కు వస్తే ఏం చేయాలన్నది ఒక అధ్యాయం, ఇ5కు వస్తే ఏం చేయాలన్నది మరొకటి, ఎఫ్4 తరువాత ఎఫ్5 బెదిరింపు ఉన్నప్పుడు ఏం చేయాలన్నది ఇంకొకటి, ఏదీ తోయకుండా కూర్చుంటే ఏం చేయాలన్నది చివరిది.

డి5 అధ్యాయం అన్నిటికన్నా తేలిక. తెల్లబంటు డి5కు రాగానే ఇ5 ఆడి నడిబల్లను మూసేయవచ్చు. అప్పుడు బి7లో ఉన్న శకటుకు ఎదురుగా డి5 బంటు గోడలా నిలుస్తుంది కాబట్టి, ఆ శకటును మళ్ళీ సి8కు తీసుకువచ్చి, ఎఫ్5 తోపుకు వెనక నుంచి దన్నుగా పెట్టాలి. బయటికి పంపిన పావును ఇంటికి రప్పించడం కొత్తవారికి మనసొప్పదు. బాణాలు గీసి పెట్టుకుంటే ఆ సంకోచం పోతుంది. ఇ5 అధ్యాయంలో దారులు రెండు. డి5 ఆడి మూసేస్తే, సి5 తోసి తెల్లవారి డి4 బంటును కొట్టడం, ఇ7 గుర్రాన్ని ఎఫ్5కు పంపి అదే బంటు మీద ఒత్తిడి పెంచడం పని అవుతుంది, కాని బి7 శకటు సొంత బంటు వెనకనే చిక్కుకుపోతుంది. అలా కాకుండా డి6 బంటుతో ఇ5 బంటును కొట్టి, తెల్లవారు డి4 బంటుతో తిరిగి కొడితే, బి7 శకటుకు దారి తెరుచుకుంటుంది, ఇ5లో మిగిలిన తెల్లబంటు మీదికి జి7 శకటు, డి7 గుర్రం ఎక్కుపెట్టి ఉంటాయి. ఈ రెండింటిలో ఏది మంచిదన్నది తెల్లపావులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి తేల్చుకోవలసినదే గాని ముందే రాసిపెట్టుకోగలిగినది కాదు; అందుకని ఆ అధ్యాయంలో వేర్వేరు స్థితులను పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ పోవాలి. స్టడీలోని సదుపాయం విలువ ఇటువంటి చోట తెలుస్తుంది.

ఎత్తుల వరస ఎలా ఉన్నా ఫరవాలేదన్న మాట ఎంత ప్రమాదకరమో చూపించే ఉచ్చు ఒకటి ఉంది. హిప్పో ఆడదలచిన ప్రతి ఒక్కరూ మొదటి రోజే దీన్ని బల్ల మీద పెట్టి చూడాలి. తెలుపు ఇ4, నలుపు జి6. తెలుపు డి4, నలుపు శకటు జి7. తెలుపు గుర్రం ఎఫ్3, నలుపు డి6. తెలుపు శకటు సి4. ఇక్కడ నలుపు ఏమరుపాటున గుర్రాన్ని డి7కు తెచ్చిందనుకుందాం. తెల్ల శకటు వచ్చి ఎఫ్7 బంటును కొట్టి చెక్ ఇస్తుంది. రాజు ఆ శకటును కొడితే, ఎఫ్3 గుర్రం జి5కు దూకి మళ్ళీ చెక్ ఇస్తుంది. రాజు ఇ8కు తిరిగి వెళితే గుర్రం ఇ6 గడిలో దిగుతుంది, అంతటితో నల్లమంత్రి పని సరి. దానికి ఐదు వైపులా సొంత పావులే అడ్డు. రాజు ఎఫ్8కు వెళ్ళినా ఇ6 గుర్రం రాజుకు చెక్ ఇస్తూ మంత్రిని కొట్టేస్తుంది. ధైర్యం చేసి రాజును ఎఫ్6కు తెస్తే తెల్లమంత్రి ఎఫ్3కు వచ్చి ఆట కట్టేస్తుంది. ఇదంతా తప్పించుకోవడానికి చేయవలసినది ఒక్కటే: తెల్ల శకటు సి4లో కనిపించినప్పుడు గుర్రం కన్నా ముందు ఇ6 బంటు కదలాలి. లిచెస్ స్టడీలో ఇంటరాక్టివ్ లెసన్ అనే అమరిక ఉంది. దాన్ని ఎంచుకుంటే స్థితి ఎదురుగా నిలుస్తుంది, సరైన ఎత్తు మనమే ఆడాలి, తప్పు ఆడితే ఆ తప్పుకు మనం ముందే రాసిపెట్టిన వివరణ కనిపిస్తుంది. ఈ ఉచ్చును ఆ రూపంలో పెట్టి, గుర్రం డి7 అన్న ఎత్తు కింద “ముందు ఇ6” అని రెండే మాటలు రాసుకుంటే చాలు.

ఏదీ తోయకుండా కూర్చునే తెల్లవారి అధ్యాయం దగ్గర ఈ పద్ధతి నిజంగా మనల్ని పరీక్షిస్తుంది. శకటు ఇ3, మంత్రి డి2, రూకులు (ఏనుగులు) నడిమి గళ్ళలో, హెచ్3 బంటు, అంతే, వాళ్ళు తొందరపడరు. నల్లరాజు కోట కట్టుకుని ఉంటే హెచ్6 బంటు మీద మంత్రి, శకటు జంటగా కన్ను వేస్తాయి కాబట్టి రాజును హెచ్7కు జరపాలి. ఆ తరువాత మనమే తలుపు తెరవాలి. సి5 తోస్తే, తెలుపు డి4 బంటుతో కొట్టినప్పుడు బి6 బంటుతో తిరిగి కొట్టి బి వరుసను రూకుకు తెరుచుకోవచ్చు, కాని డి6 బంటు బలహీనపడుతుంది. ఎఫ్5 తోస్తే రాజు చుట్టూ గాలి ఆడుతుంది. ఏ తోపుకూ పూచీ లేదు. ఇంటర్నెట్‌లో దొరికే హిప్పో పాఠాల్లో చాలావాటికి ఈ దశలో నోరు పడిపోతుంది. తెల్లవారు ఉన్మాదంగా దాడి చేసి ఓడిపోయే ఆటలే వాటిలో చూపిస్తారు. ఇక్కడ ఎవరి స్టడీనీ నమ్ముకోకుండా సొంతంగా రాసుకోవడమే మేలు.

స్టాక్‌ఫిష్‌ను వాడేవారికి ఒక మాట. హిప్పో అమరిక పూర్తికాగానే ఇంజన్ తెల్లవారికి స్పష్టమైన ఆధిక్యం చూపిస్తుంది, ఆ అంకెను చూసి చాలామంది బెదిరి పద్ధతినే వదిలేస్తారు. ఆ అంకె అబద్ధం కాదు. నడిబల్లలో చోటు వదిలేసినందుకు చెల్లించే మూల్యం అది. మనం చూడవలసింది ఆ అంకె ఎంత ఉందన్నది కాదు, ఏ ఎత్తు దగ్గర అది ఒక్కసారిగా మారిందన్నది. అక్కడ ఆగి, ఎందుకు మారిందో తెలుగులో ఒక వాక్యం రాసుకుంటే ఇంజన్ గురువు అవుతుంది. ఇంజన్ మన ఫోనులోనో కంప్యూటర్లోనో నడుస్తుంది కాబట్టి ఫోను వేడెక్కుతుంది. రోహిణి కార్తె నెల్లూరులో మధ్యాహ్నం పూట ఫోను మీద లోతైన విశ్లేషణ పెట్టుకోమని నేనెవరికీ సలహా ఇవ్వను.

ఏ స్థితి నుంచైనా ఆటను కొనసాగించే వీలు ఉండడం నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. స్టడీలోని ఒక స్థితిని తెరిచి, అక్కడి నుంచి కంప్యూటరుతో గాని స్నేహితుడితో గాని ఆడవచ్చు. కంప్యూటరుకు ఎనిమిది స్థాయిలు ఉన్నా, కింది స్థాయిలు మనుషులు చేయని పొరపాట్లు చేస్తాయి, పై స్థాయి మనిషికి అందదు. కావలిలో ఉండే మిత్రుడికి వాట్సాప్‌లో లింకు పంపి, ఒకే స్థితిని ఒకసారి నలుపుతోను ఒకసారి తెలుపుతోను ఆడితే కలిగే అవగాహన వేరు. తెల్లపావులతో హిప్పో మీద దాడి చేసి చూసినవాడికే దానికి ఎక్కడ నొప్పి పుడుతుందో తెలుస్తుంది. ఎఫ్4, ఎఫ్5 తోపులంటే భయపడడం నాకు అలా ఆడాకే అలవాటైంది.

లోపాలు లేవని కాదు. నేర్చుకున్నదాన్ని కొన్ని రోజుల వ్యవధితో మళ్ళీ మళ్ళీ అడిగి గుర్తుచేసే ఏర్పాటు స్టడీలో లేదు. డబ్బు కట్టి తీసుకునే కోర్సుల్లో అది ఉంటుంది. హిప్పో విషయంలో ఇది పెద్ద లోటు కాదు, ఎందుకంటే గుర్తుపెట్టుకోవలసిన వరసలు కొద్ది. బహిరంగంగా దొరికే స్టడీల నాణ్యత మాత్రం ఏకరీతిగా ఉండదు. కొన్నిటిలో ఎర్ర బాణాలు, పచ్చ బాణాలు తప్ప ఒక్క వివరణా ఉండదు, తెలుగులో వ్యాఖ్యలున్న హిప్పో స్టడీ నాకైతే కనిపించలేదు. అధ్యాయాలు రాసుకునే పని చిన్న తెర మీద విసుగు పుట్టిస్తుంది. రాయడానికి కంప్యూటరు, తిరగేయడానికి ఫోను అని పంచుకోవడం మంచిది.

ఈ పద్ధతినీ ఈ సాధనాన్నీ కలిపి ఎవరికి సిఫారసు చేస్తానంటే, నడిబల్ల కోసం పోరాడే ఆరంభాలను కొన్నాళ్ళు ఆడి, బంట్ల అమరికల గురించి కొంత తెలిసి, చదువుకోవడానికి సమయం చాలని పెద్దవారికి. ఆట నేర్చుకుంటున్న పిల్లలకు మాత్రం హిప్పో చెప్పకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఎదుటివాడు ఏం ఆడుతున్నాడో చూడకుండా పది ఎత్తులు గబగబా ఆడేసే అలవాటు ఆ వయసులో పడితే వదిలించడం కష్టం. పోటీలో కూడా అదే ప్రమాదం పెద్దలకు పొంచి ఉంటుంది. మొదటి పది ఎత్తులకు నిమిషం కూడా పట్టదు, గడియారం మీద మనకు మిగిలే సమయం ఎదుటివాడిని కంగారు పెడుతుంది. ఆ మిగిలిన సమయాన్ని పదకొండో ఎత్తు దగ్గర కూర్చుని ఖర్చు పెట్టేవారికే ఈ పద్ధతి లాభం.

చివరగా, స్టడీని తయారు చేసేటప్పుడు అది ఎవరెవరికి కనిపించాలో అడిగే చోట ఆహ్వానించినవారికి మాత్రమే అన్నదాన్ని ఎంచుకోవాలి. మన రెండు జిల్లాల పోటీల్లో తిరిగి తిరిగి ఎదురయ్యేది ఆ కొద్దిమందే. స్టడీని దాచుకున్నా లిచెస్‌లో ఆడిన ఆటలు మాత్రం దాగవు. మీ ఖాతా పేరు తెలిసినవారు ఎక్స్‌ప్లోరర్‌లోనే ఆ పేరు ఇచ్చి, నల్లపావులతో మీరు ఏం ఆడతారో వరసగా చూసుకోవచ్చు. కనుక హిప్పోను సాధన చేసే ఖాతాకు మీ ఇంటిపేరు, ఊరిపేరు కలిపి పెట్టుకోకండి.